సాగర్ బ్యాక్‌వాటర్‌లో తెరచాప పడవల ఛాంపియన్‌షిప్: ఏ నియమాలు రాయాలి, ఏవి వదిలేయాలి

పీఈటీ సార్‌కి నమస్తే. మీరు అడిగింది క్లుప్తంగా ఇది: దేవరకొండ నుంచి మీరూ మీ మిత్రులూ కలిసి వైజాగ్ కాలనీ దగ్గర, నాగార్జునసాగర్ బ్యాక్‌వాటర్‌లో, రెండు రోజుల సెయిలింగ్ ఛాంపియన్‌షిప్ పెట్టాలనుకుంటున్నారు. హైదరాబాద్ నుంచి పాతిక ముప్పై పడవలు తెప్పించే మాట నడుస్తోంది. దసరా సెలవులు అనుకుంటున్నారు. నియమాలు మూడు రాసుకున్నారు: ముందుగా గీత దాటినవాడు గెలిచినట్టు; రెండు పడవలు గుద్దుకుంటే రెండూ అవుట్; రిఫరీ మాటే ఆఖరు. ఇవి చాలా, ఇంకేమైనా కావాలా అన్నది మీ ప్రశ్న.

చాలవు. అందులో రెండోది, మూడోది ఉంచితే పోటీ మొదటి రోజు మధ్యాహ్నానికే చెడుతుంది. అలాగని మీరు ముప్పై పేజీలు కూర్చుని రాయాల్సిన పనీ లేదు. ఈ ఆటకు నియమాల పుస్తకం ముందే ఉంది. వరల్డ్ సెయిలింగ్ సంస్థ దాన్ని నాలుగేళ్ళకోసారి సవరిస్తుంది. ఇప్పుడు నడుస్తున్నది 2025–2028 పుస్తకం, 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. మన దేశంలో జాతీయ సంస్థ యాటింగ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా. హుస్సేన్‌సాగర్‌లో వానాకాలం రెగట్టాలు (తెరచాప పడవల పోటీలు) ఆ పుస్తకం మీదే నడుస్తాయి. మీ దగ్గరికి వచ్చే పిల్లలు దాన్నే నేర్చుకుని వస్తారు. కాబట్టి మీ నోటీసులో మొదటి వాక్యం: రేసింగ్ రూల్స్ ఆఫ్ సెయిలింగ్ ప్రకారం ఈ పోటీ జరుగుతుంది. ఆ ఒక్క వాక్యంతో సగానికి పైగా పని తీరిపోతుంది.

మిగిలేవి పుస్తకం మీకు వదిలేసిన సంగతులు. అవి రెండు కాగితాల్లోకి వెళ్తాయి. రేస్ నోటీసు అనేది రావాలా వద్దా అని తేల్చుకునేవాళ్ళ కోసం: ఎక్కడ, ఎప్పుడు, ఏ రకం పడవలు, ఎవరు అర్హులు, ఫీజు ఎంత, ఎన్ని రేసులు, పాయింట్లు ఎలా. సెయిలింగ్ ఇన్‌స్ట్రక్షన్స్ అనేవి వచ్చేసినవాళ్ళ కోసం: దారి పటం, జెండాలు, బోయల (దారికి గుర్తుగా నీళ్ళ మీద తేలేవి) రంగు, సమయ పరిమితులు, ప్రొటెస్ట్ (ఫిర్యాదు) ఎక్కడ ఇవ్వాలి. ఒకే సంగతిని రెండు చోట్లా రాయకండి. ఫీజు గడువు ఒకచోట శుక్రవారం, ఇంకోచోట శనివారం అని పడితే గొడవ అక్కడే మొదలవుతుంది. ఇంకో మాట. పడవలు ఎదురుపడినప్పుడు ఎవరు దారివ్వాలి అనే నియమాలను, ఒకటి రెండు చిన్న మినహాయింపులు తప్ప, నిర్వాహకులు మార్చడానికి వీల్లేదు. మార్చదగ్గ వాటిని మార్చేటప్పుడు కూడా ఆ నియమం నంబరు వేసి, ఏం మారుస్తున్నారో చెప్పాలి.

ఇప్పుడు మీ రెండో నియమం. గుద్దుకుంటే రెండూ అవుట్ అనడం వినడానికి ధర్మంగానే ఉంటుంది. ఆఖరి రేసులో ఏమవుతుందో చూడండి. మొత్తం పాయింట్లలో ఒక పిల్లాడు ముందున్నాడు. రెండో స్థానంలో ఉన్నవాడి దోస్తు ఇరవయ్యో స్థానంలో ఉన్నాడు, వాడికి పోయేదేం లేదు. వాడొచ్చి ముందున్నవాడి పడవను ఒక్కసారి తాకిస్తే చాలు, ఇద్దరూ అవుట్, కప్పు దోస్తుకి. తప్పు చేసినవాడిదీ, దెబ్బ తిన్నవాడిదీ ఒకే శిక్ష అయినప్పుడు దెబ్బ కొట్టడమే లాభం.

పుస్తకం ఆలోచన వేరు. నీళ్ళ మీద ఏ రెండు పడవలు దగ్గరికొచ్చినా ఒకదానికి దారి హక్కు, రెండోదానికి తప్పుకునే బాధ్యత ఉంటాయి. చూడాల్సింది గాలి ఏ పక్క నుంచి తగులుతోందన్నది. కుడి పక్క నుంచి తగులుతుంటే ఆ పడవ స్టార్‌బోర్డ్ టాక్‌లో ఉన్నట్టు, ఎడమ పక్క నుంచి అయితే పోర్ట్ టాక్‌లో ఉన్నట్టు. పోర్ట్‌లో ఉన్నది తప్పుకోవాలి. ఇది 10వ నియమం. రెండూ ఒకే టాక్‌లో పక్కపక్కన పోతుంటే గాలివైపు ఉన్నది గాలి చాటున ఉన్నదానికి దారివ్వాలి. వెనక ఉన్నది ముందున్నదాన్ని గుద్దకూడదు. టాక్ మార్చుకుంటూ ముక్కు తిప్పుతున్న పడవకు ఆ తిరగడం పూర్తయ్యేదాకా హక్కు లేదు. బోయ దగ్గర ఇంకో లెక్క: బోయ చుట్టూ మూడు పడవల పొడవు మేర ఒక వలయం ఉన్నట్టు అనుకోవాలి. ముందున్న పడవ ఆ వలయంలోకి వచ్చేసరికి రెండూ పక్కపక్కన ఉంటే, లోపలి వైపు ఉన్నదానికి బోయ తిరగడానికి చోటివ్వాలి. నేను చూసిన ప్రొటెస్టుల్లో ఎక్కువ భాగం ఆ వలయంలో పుట్టినవే. ‘నేను ముందే లోపల ఉన్నా’ అని ఒకడు, ‘నువ్వు తర్వాత దూరావు’ అని ఇంకొకడు. జడ్జీలు కూర్చుని చూసే పడవ ఉంటే దాన్ని పైబోయ, అంటే గాలికి ఎదురుగా ఉండే బోయ, పక్కనే ఉంచండి. మిగతా నీళ్ళు వాటి పాటికి అవి నడుస్తాయి.

తప్పు చేశానని తెలిసినవాడు అక్కడికక్కడే శిక్ష తీర్చుకోవచ్చు. పక్కకు తప్పుకుని రెండు చుట్లు, అంటే రెండు టాకులూ (ముక్కును గాలిలోంచి తిప్పడం) రెండు జైబులూ (వెనక భాగాన్ని గాలిలోంచి తిప్పడం) ఒకే వైపుకి తిరిగి, మళ్ళీ రేసులో కలవొచ్చు. బోయను తాకితే ఒక్క చుట్టు చాలు. ఆప్టిమిస్ట్ అనే చిన్న పడవల్లో పోటీ చేసే పిల్లలు ఆ చుట్లు ఎంత నిజాయితీగా తిరుగుతారో చూస్తే మీకే ముచ్చటేస్తుంది. పెద్దవాళ్ళ సంగతి వేరే చెప్పాలి.

ఇక రిఫరీ. ఈ ఆటలో మైదానం మధ్యలో విజిల్ పట్టుకుని నిలబడే మనిషి ఉండడు. రేస్ కమిటీ స్టార్ట్ ఇస్తుంది, ఫినిష్ రాసుకుంటుంది, అంతవరకే. దారివ్వలేదన్న ఫిర్యాదు పడవల మధ్య పుడుతుంది. నష్టపోయినవాడు ఆ క్షణంలోనే ‘ప్రొటెస్ట్’ అని అరవాలి. 6 మీటర్లు, అంతకంటే పొడవున్న పడవైతే ఎర్రజెండా కూడా ఎత్తాలి; మీ దగ్గరికి వచ్చేవన్నీ చిన్నవి, అరిస్తే చాలు. ఒడ్డుకొచ్చాక గడువులోపల రాసివ్వాలి. పుస్తకం ఇచ్చే గడువు రెండు గంటలు. అది మీకు ఎక్కువ. ఆ రోజు చివరి రేసులో చివరి పడవ ఫినిష్ అయ్యాక 60 నిమిషాలు అని ఇన్‌స్ట్రక్షన్స్‌లో మార్చుకోండి. చీకటి పడకముందే విచారణలు తేలిపోతాయి.

విచారణకు ముగ్గురు కావాలి. అందులో కనీసం ఒకరికి పుస్తకం కొట్టినపిండి అయి ఉండాలి. పోటీలో ఉన్న పిల్లల తల్లిదండ్రులు, కోచ్‌లు, పడవలు అద్దెకిచ్చినవాళ్ళు ఆ ముగ్గురిలో ఉండకూడదు. ఈ మనుషులు దేవరకొండలో దొరకరు, నల్లగొండలో కూడా కష్టం. హైదరాబాద్ క్లబ్బులతో పడవల సంగతి మాట్లాడేటప్పుడే జడ్జీలనూ అడగండి. బస, భోజనం, దారి ఖర్చులు మీరు పెట్టుకోవాలి. కప్పుల మీద పెట్టే డబ్బు తగ్గించైనా సరే, ఈ ఖర్చు పెట్టండి.

విచారణ గది ఎలా నడుస్తుందో చెప్తాను, ఎందుకంటే మన వైపు ఇక్కడే దారి తప్పుతారు. బల్ల మీద అరచేతిలో పట్టే చెక్క పడవలు రెండు, బోయకు గుర్తుగా ఒక గ్లాసు, గాలి ఎటు నుంచో చూపడానికి ఒక పెన్ను. ఇద్దరినీ ఒకేసారి లోపలికి పిలవాలి. ఒకడు లేనప్పుడు రెండోవాడి మాట వినకూడదు. ముందు ఫిర్యాదుదారు పడవలు కదుపుతూ చెప్తాడు, తర్వాత ఎదుటివాడు, తర్వాత సాక్షులు. ఒకరినొకరు ప్రశ్నలడగొచ్చు. అయ్యాక అందరినీ బయటికి పంపి, జరిగిందేమిటో ముందు రాయాలి: గాలి ఇంత, ఈ పడవ పోర్ట్‌లో, ఆ పడవ స్టార్‌బోర్డ్‌లో, స్టార్‌బోర్డ్ పడవ ముక్కు తిప్పుకోవాల్సి వచ్చింది. దాని కింద ఏ నియమం తప్పిందో, చివరగా తీర్పు. మన ఊరి పంచాయితీలో పెద్దమనుషులు ఇద్దరి మాటా విని చెరి సగం తప్పు వేసి చేతులు కలిపిస్తారు; రేపు మళ్ళీ ఒకే వీధిలో తిరగాల్సినవాళ్ళు కాబట్టి ఊళ్ళో అది మంచిదే. ఇక్కడ అది పనికిరాదు. ఒకడికి రేసు పోతుంది, లేదా ఫిర్యాదు కొట్టివేత. సగం పాయింట్లు కోయడం, ‘ఈసారికి వదిలేద్దాం’ అనడం, పిల్లాడు ఏడుస్తున్నాడని మనసు మార్చుకోవడం మొదలైతే మరుసటి ఏడాది ఒక్క మంచి సెయిలర్ కూడా మీ నీళ్ళకు రాడు. ‘రిఫరీ మాటే ఆఖరు’ అనే వాక్యం కూడా కొట్టేయండి. మామూలు ప్రొటెస్ట్ కమిటీ తీర్పు మీద జాతీయ సంస్థకు అప్పీల్ చేసుకునే దారి పుస్తకంలోనే ఉంది.

తేదీల విషయంలో మీతో నేను ఏకీభవించను. సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. కనీస మట్టం 510. మధ్యలో 80 అడుగుల తేడా. వైజాగ్ కాలనీ లాంటి వాలు ఒడ్డున ఆ తేడా అంటే నీళ్ళ అంచు ఎంత దూరం జరుగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. గాలి జూన్ నుంచి ఆగస్టు దాకా పడమర, నైరుతి నుంచి గట్టిగా వీస్తుంది. హైదరాబాద్ రెగట్టాలు జులై, ఆగస్టుల్లో పెట్టుకునేది అందుకే. కానీ అప్పటికి మన సాగర్‌లో నీళ్ళు ఉండకపోవచ్చు. ముందు శ్రీశైలం నిండాలి, అక్కడి గేట్లు లేవాలి, తర్వాత ఇక్కడికి రావాలి. దసరా నాటికి నీళ్ళు నిండుగా ఉంటాయి, గాలి చచ్చిపోతుంది. నైరుతి వెనక్కి మళ్ళే రోజులు, దిక్కు ఈశాన్యానికి తిరుగుతుంది, మధ్యాహ్నం ఉక్క, సాయంత్రం ఉరుములు. పిల్లలు తెరచాపలు వేలాడేసుకుని కూర్చుంటారు.

నా మాట వింటే ఆగస్టు చివరి వారం నుంచి సెప్టెంబరు నడిమి దాకా ఒక శని, ఆదివారం చూడండి. అదే సమయంలో వినాయక చవితి, నిమజ్జనాలు పడతాయి, పోలీసు బందోబస్తు దొరకదు. క్యాలెండర్ చూసుకుని ఆ పదకొండు రోజులూ వదిలేయండి. నోటీసులో రెండు షరతులు పెట్టండి: సాగర్ గేట్లు ఎత్తి ఉన్న రోజున రేసులుండవు, అలా అయితే ఫలానా ప్రత్యామ్నాయ తేదీలు. ఫీజు వెనక్కిచ్చే పద్ధతి కూడా అక్కడే.

దాంతో పాటు ఒక పని ఈ ఏడాదే మొదలుపెట్టండి. చేత్తో పట్టుకునే గాలి మీటరు ఒకటి కొని, ఆ కాలంలో ఒక రెండు వారాలు, రేసు పెట్టాలనుకున్న చోట పడవలో నిలబడి గంటగంటకూ గాలి వేగం, దిక్కు రాయించండి. ఒడ్డున నిలబడి రాస్తే లాభం లేదు, గుట్టల చాటు గాలి అబద్ధం చెప్తుంది. దీనికంటే ముందు అక్కడి చేపల వేటగాళ్ళను అడగండి. ‘పొద్దటి పూట గాలి ఉండది సారూ, పదకొండు గొట్టినంక లేస్తది, మూడింటికి గుట్ట మీంచి తిరుగుతది’ అని ఒక పెద్దమనిషి నాకు సోమశిల దగ్గర చెప్పిన మాట ఏ యాప్‌లోనూ దొరకలేదు, రెండు రోజులూ గడియారం పెట్టినట్టు అలాగే జరిగింది.

ఎంత గాలి కావాలంటే, కనీసం 5 నాట్లు, అంటే గంటకు 9 కిలోమీటర్ల చిల్లర. కొత్త పిల్లలున్న ఆప్టిమిస్ట్ రేసుకు 15 నాట్లు దాటితే నేను ఆపేస్తాను, పెద్దవాళ్ళను 20 దాకా పంపుతాను. అయితే ఈ అంకెలను ఇన్‌స్ట్రక్షన్స్‌లో కట్టుబాటుగా రాయొద్దు. రాశారా, ఓడినవాడి తండ్రి ఫోన్‌లో గాలి చూపించి ‘4.8 ఉండగా స్టార్ట్ ఇచ్చారు, రేసు రద్దు చేయండి’ అని వస్తాడు. రేస్ ఆఫీసర్ విచక్షణకు వదిలేయడమే మేలు.

వలల సంగతి. బ్యాక్‌వాటర్ అంతా మత్స్య సహకార సంఘాలవాళ్ళ బతుకుతెరువు. తెల్లారగట్ల వేసిన వల నీళ్ళ మీద ఖాళీ ప్లాస్టిక్ సీసాల వరసలా కనిపిస్తుంది, ఎండ మెరుపులో అదీ కనిపించదు. సెయిలింగ్ పడవ అడుగున నీళ్ళలోకి దిగి ఉండే డాగర్‌బోర్డ్, చుక్కాని దానికి తగులుకుంటే రేసూ పోతుంది, పేదవాడి వలా చిరుగుతుంది. పోలీసులతో చెప్పించి వలలు తీయించే ఆలోచన ఉంటే మానుకోండి. సంఘం పెద్దలతో ముందే కూర్చుని రేసు నీళ్ళు ఎక్కడో చూపించి, ఆ రెండు రోజుల కూలి నష్టం లెక్కగట్టి ఇవ్వండి. వాళ్ళ మోటారు పడవలనే బోయలు వేయడానికి, రక్షణకు కిరాయికి తీసుకోండి. మునిగిన చెట్ల మోళ్ళు, రాళ్ళు ఎక్కడున్నాయో వాళ్ళకు తెలిసినట్టు మ్యాప్‌కు తెలియదు. పుట్టిలు మాత్రం ఈ పనికి వద్దు, గాలిలో అవి ఉన్నచోట నిలవవు.

బోయలు వేయడం మీరనుకున్నంత తేలిక కాదు. పాత నది లోయ మీద వేస్తే అడుగు అందదు. లోతు ఎక్కువ మారని మెరక చూసుకోవాలి. తాడు వదులుగా ఉంటే బోయ గాలికి జరిగిపోతుంది, తాడు పైకి తేలి పడవల అడుగున చిక్కుతుంది. అడుగున సిమెంటు దిమ్మె, బోయకు రెండు మీటర్ల కింద తాడుకు ఇంకో చిన్న బరువు వేలాడదీస్తే తాడు నిలువుగా ఉంటుంది.

దారి పటం విషయంలో హంగులొద్దు. గాలికి ఎదురుగా ఒక పైబోయ, గాలి చాటున ఒక కిందిబోయ, మధ్యలో పక్కకు ఇంకొకటి. స్టార్ట్ అయ్యాక మొదటి దారి తప్పకుండా ఎదురుగాలిలో ఉండాలి. పడవ నేరుగా గాలిలోకి పోలేదు, మెలికలు తిరుగుతూ ఎక్కాలి. నేర్పు తేలేది అక్కడే. గుట్టల మధ్య గాలి మాటిమాటికీ దిక్కు మారుతుంది కాబట్టి పొడవాటి దారి వేసి ఒకే రేసు నడపడం కంటే, ముందున్న పడవ 40 నిమిషాల్లో ముగించేలా చిన్న దారి వేసి ఎక్కువ రేసులు పెట్టండి. ఒక్క రేసులో అదృష్టం గెలిపిస్తుంది, ఆరు రేసుల్లో అది చెల్లదు.

స్టార్ట్ లైన్ రెండు చివరల మధ్య పొడవు: పడవల సంఖ్యను పడవ పొడవుతో గుణించి, ఇంకో పావు వంతు కలపండి. 4.2 మీటర్ల పడవలు 20 ఉంటే 105 మీటర్లు. పిల్లలైతే సగం కలపండి, చోటు ఎక్కువుంటే అరుపులు తక్కువ.

స్టార్ట్ ఐదు నిమిషాల తంతు. కమిటీ పడవ మీద ఒకరు స్టాప్‌వాచ్ పట్టుకుని గట్టిగా లెక్కపెడతారు, ఒకరు జెండాలు, ఒకరు హారన్, ఒకరు స్తంభానికి కన్ను ఆనించి లైన్ మీదే చూపు, ఒకరు చేతిలో రికార్డరు. ఐదు నిమిషాలప్పుడు ఆ తరగతి (పడవ రకం) జెండా పైకి, హారన్ ఒకటి. నాలుగప్పుడు పి జెండా, నీలం మధ్యలో తెల్ల చతురస్రం, హారన్ ఒకటి. ఒక నిమిషం ఉందనగా పి కిందికి, పొడుగు హారన్. సున్నాకి తరగతి జెండా కిందికి, హారన్. లెక్కకు వచ్చేది జెండా. హారన్ మోగకపోయినా స్టార్ట్ స్టార్టే. చివరి నిమిషమంతా రికార్డరు పట్టుకున్నవాళ్ళు లైన్‌కు దగ్గరగా వస్తున్న తెరచాపల నంబర్లు ఆపకుండా చదువుతూ ఉండాలి. ‘ఏడు పదమూడు వెనక, రెండు నలభై ముక్కు బయట, మళ్ళీ లోపల...’ తర్వాత ఎవడైనా నేను ముందు దాటలేదని వస్తే ఆ గొంతే మీ సాక్ష్యం.

ఒకరిద్దరు ముందు దాటితే ఎక్స్ జెండా, తెలుపు మీద నీలం శిలువ, ఇంకో హారన్. వాళ్ళు వెనక్కొచ్చి మళ్ళీ దాటాలి. గుంపు మొత్తం దాటేసి ఎవరెవరో తెలియకపోతే ఫస్ట్ సబ్‌స్టిట్యూట్ జెండా, రెండు హారన్లు, స్టార్ట్ మళ్ళీ మొదటి నుంచి. రెండుసార్లు అలా అయితే మూడోసారి పి బదులు యు జెండా కట్టండి. చివరి నిమిషంలో లైన్ రెండు చివరలూ మొదటి బోయా కలిపిన త్రికోణంలో కనిపించినవాడు అవుట్. నల్లజెండా దాకా పోకండి. దాని కింద దొరికినవాడికి స్టార్ట్ మళ్ళీ ఇచ్చినా ఆ రేసులో చోటు లేదు, పిల్లల పోటీకి అది మరీ కఠినం.

పాయింట్లు తక్కువ ఉన్నవాడే గెలుస్తాడు. మొదటికి 1, రెండోకి 2, అలా. రేసు పూర్తి చేయనివాడికి, అసలు రానివాడికి, అవుట్ అయినవాడికి మొత్తం ఎంట్రీల కంటే ఒకటి ఎక్కువ. 24 ఎంట్రీలుంటే 25. పుస్తకం ప్రకారం ప్రతివాడికీ చెత్త స్కోరు ఒకటి తీసేస్తారు. మీరు నోటీసులో మార్చి, ఐదు రేసులు పూర్తయితేనే తీసివేత అని రాయండి. ఎన్ని రేసులు అనుకున్నారు, కనీసం ఎన్ని జరిగితే అది ఛాంపియన్‌షిప్ అవుతుంది అన్నది కూడా తప్పకుండా రాయాలి. మీకు ఆరు అనుకోండి, కనీసం మూడు. గాలి లేక రెండే జరిగితే పతకాలివ్వొచ్చు, ఛాంపియన్ అనే మాట మాత్రం వాడకూడదు.

టై పడితే? ఇది ముందే బోర్డు మీద రాసి చూపించండి. ఒక అమ్మాయికి ఆరు రేసుల్లో 1, 4, 2, 1, 9, 3. ఒక అబ్బాయికి 2, 2, 3, 2, 5, 2. ఆమెకు 9, అతనికి 5 తీసేస్తే ఇద్దరికీ 11. అబ్బాయి నిలకడగా వచ్చాడు, పైగా చివరి రేసులో ఆమె కంటే ముందున్నాడు, కాబట్టి కప్పు అతనిదే అని జనం అంటారు. పుస్తకం అలా అనదు. తీసేసినవి కాకుండా మిగిలిన స్కోర్లను మంచిదాని నుంచి వరసగా పేర్చాలి: ఆమెవి 1, 1, 2, 3, 4, అతనివి 2, 2, 2, 2, 3. మొదటి తేడా దగ్గరే ఆమె గెలిచింది. చివరి రేసు చూసేది ఈ వరస మొత్తం సమానమైతేనే.

తరగతులు కలపొద్దు. ఆప్టిమిస్ట్ 2.3 మీటర్ల పెట్టె లాంటి పడవ, 15 ఏళ్ళు నిండే ఏడాది చివరి దాకా అందులో పోటీ చేయొచ్చు. వయసుకు జనన ధ్రువపత్రం అడగండి, మాట మీద నమ్మొద్దు. ఒకప్పుడు లేజర్ అన్న పడవ పేరు 2019 నుంచి ఐఎల్‌సీఏ. ఒకే పడవకు 4, 6, 7 అని మూడు తెరచాపలు, మూడూ వేర్వేరు తరగతులు. ఒక్కో తరగతికి కనీసం ఐదు పడవలు లేకపోతే దానికి టైటిల్ ఇవ్వొద్దు. ఇవేవీ కాని పడవలు రెండు మూడు వస్తే వాటన్నిటికీ కలిపి ఒక రేసు పెట్టి, పోర్ట్స్‌మత్ పద్ధతిలో సమయం సరిచేయండి: పట్టిన సమయాన్ని 1000తో గుణించి, ఆ రకం పడవకు ఆ పద్ధతిలో ఇచ్చిన నంబరుతో (తెరచాప మీది నంబరు కాదు) భాగించాలి. నంబరు 1100 ఉన్న పడవ 44 నిమిషాల్లో వస్తే అది 40 కింద లెక్క. 1650 ఉన్న నిదానపు పడవ 64 నిమిషాలకు వచ్చినా 38 నిమిషాల 47 సెకన్లు, అదే గెలిచింది. ఒడ్డున చూసేవాళ్ళకు ఇది ఎక్కదు, కానీ న్యాయం.

భద్రత దగ్గర మాత్రం బేరం లేదు. నీళ్ళ మీద ఉన్నంతసేపూ లైఫ్ జాకెట్. ఇది నోటీసులోనే రాయండి, ఆ పూట జాకెట్ తప్పనిసరి అని చెప్పే వై జెండా ఎత్తడం మరిచిపోయినా నియమం నిలబడుతుంది. పిల్లల పడవలు ఎనిమిదికి ఒక రక్షణ మోటారు పడవ, అందులో ఈత వచ్చిన ఇద్దరు. నీళ్ళలోకి దిగేముందు ప్రతి పిల్లా పేరు ముందు సంతకం, ఒడ్డుకొచ్చాక ఇంకో సంతకం. రెండోది లేకపోతే వెతుకులాట మొదలవ్వాలి, సంతకం మరిచినవాడికి పాయింట్ల కోత ఉండాలి. ఉరుము వినిపిస్తే ఎన్ జెండా, దాని కింద హెచ్, మూడు హారన్లు: రేసు రద్దు, అందరూ ఒడ్డుకు. చివరి ఉరుము విన్నాక అరగంట దాకా ఎవ్వరూ నీళ్ళలోకి వద్దు. ప్రమాదంలో ఉన్నవాడికి సాయం చేయడం ఈ ఆటలో మొట్టమొదటి నియమం. సాయానికి ఆగి స్థానం పోగొట్టుకున్నవాడికి కమిటీ దాన్ని సరిచేసి ఇవ్వాలి. ఇది పిల్లలకు పొద్దున బ్రీఫింగ్‌లో చెప్పండి.

అనుమతులు: నీటిపారుదల శాఖ, రెవెన్యూ, పోలీసు, మత్స్యశాఖ, అగ్నిమాపక, వైద్యం. అటు ఒడ్డు ఆంధ్రప్రదేశ్‌ది, మీ దారి పటం మన వైపే ఉండేలా గీయండి. డ్యామ్ దరిదాపులకు, నాగార్జునకొండ లాంచీల దారికి, పుట్టంగండి పంపుల వైపుకు వెళ్ళొద్దు. ఆ నీళ్ళే హైదరాబాద్ తాగేది, కాబట్టి రక్షణ పడవల్లో డీజిల్, పెట్రోలు నింపడం ఒడ్డు మీదే, నీళ్ళలో కాదు. 2019 సెప్టెంబరులో గోదావరి మీద కచ్చులూరు ప్రమాదం అయ్యాక పడవ అన్న మాట వింటేనే అధికారులు వెనకాడతారు, అది సహజం. దరఖాస్తుతో పాటు రక్షణ పడవల జాబితా, దారి పటం, ఆసుపత్రి పేరు జతచేసి మూడు నెలల ముందే ఇవ్వండి.

చివరి రోజు మధ్యాహ్నం 2:30 తర్వాత ఏ రేసుకూ మొదటి సిగ్నల్ ఇవ్వం అని ఇన్‌స్ట్రక్షన్స్‌లో రాయండి. పడవలు విప్పి లారీకి ఎక్కించి, ప్రొటెస్టులు తేల్చి, పిల్లల్ని రాత్రికి హైదరాబాద్ చేర్చాలి. ముఖ్య అతిథిని బహుమతులకే పిలవండి, స్టార్ట్‌కు కాదు. ఆయన కారు కొండమల్లేపల్లిలో ఉందని ఫోన్ వస్తుంది, గాలి ఆయన కోసం ఆగదు.